తప్పు చేసినా కేసు ఆగదు!

ప్రశ్న: ఇష్టపడి, ఖరీదు పెట్టి ‘ఎల్.ఏ. నోయిర్’ గేమ్ కొన్నాను. ఎంత తప్పుగా విచారించినా కథ ముందుకే పోతోంది. డబ్బు దండగేనా?
– ఓ పాఠకుడు, శామీర్‌పేట, మేడ్చల్ జిల్లా

జవాబు: మీ బాధ న్యాయమైనదే. 2011లో వచ్చిన ఈ గేమ్‌కి ప్రాణం నటుల ముఖాలు. వాటిని 32 కెమెరాలతో చిత్రీకరించారు. అబద్ధమాడే సాక్షి చూపు తిప్పుకోవడం, పెదవి బిగించడం కూడా తెరమీద పట్టుకోవచ్చు. కథ మాత్రం ముందే వేసిన దారిలోనే నడుస్తుంది. ఆధారం వదిలేసినా చాలాసార్లు తగ్గేది రేటింగే. డిటెక్టివ్ ఆటకి ఇది పెద్ద లోపమని నా అభిప్రాయం. 1947 నాటి లాస్ ఏంజెలెస్ సీరియల్ అనుకుని రోజుకో కేసు ఆడండి, నచ్చుతుంది. బుర్రకు పని కావాలంటే ‘రిటర్న్ ఆఫ్ ది ఒబ్రా డిన్’ గేమ్ ఆడి చూడండి. ఊహ తప్పయితే అది ఒప్పుకోదు. ‘ఎల్.ఏ. నోయిర్’ని స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో కొని 14 రోజులు దాటకుండా, రెండు గంటల్లోపే ఆడి ఉంటే డబ్బు వాపసు అడగండి.