పద్దెనిమిదేళ్లకు ఓటు



మన తిరుమలాయపాలెం మండలం పాలేరు నియోజకవర్గంలో ఉంది. సర్పంచ్‌నూ, ఎమ్మెల్యేనూ, ఎంపీనీ మన ఓటుతోనే ఎన్నుకుంటాం. ఓటు ఎన్నేళ్లకు వస్తుంది? 18 ఏళ్లు నిండితే వస్తుంది. కానీ మొదటినుంచీ ఇట్లా లేదు.

దేశానికి పెద్ద చట్టం రాజ్యాంగం. అది 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది. అందులో 326వ అధికరణం ఓటు గురించి చెబుతుంది. 21 ఏళ్లు నిండిన ఆడా మగా అందరికీ ఓటు ఇచ్చింది. భూమి లేకున్నా, అక్షరం రాకున్నా ఓటు ఉంటుంది.

మొదటి ఎన్నికలు 1951-52లో జరిగాయి. ఓటర్ల జాబితా రాసేటప్పుడు ఉత్తరాదిన చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. "ఫలానా ఆయన భార్యను", "ఫలానా పిల్లవాడి తల్లిని" అన్నారు. ఎన్నికల సంఘం దానికి ఒప్పుకోలేదు. సుమారు 28 లక్షల మంది ఆడవాళ్లు జాబితాలో లేకుండా పోయారు. పేరు చెప్పనందుకు ఓటు పోయింది!

21 నుంచి 18కి

1978లో ఆడపిల్ల పెళ్లి వయసు 18 అని చట్టం వచ్చింది. అంటే 18 ఏళ్లకు సంసారం మోయవచ్చు. ఓటు మాత్రం వేయరాదు! ఇది న్యాయమా?

రాజ్యాంగంలో మాట మార్చాలంటే సవరణ చేయాలి. 1988 డిసెంబరులో పార్లమెంటు 61వ సవరణను ఆమోదించింది. సగానికి పైగా రాష్ట్రాల శాసనసభలు కూడా సరే అన్నాయి. 1989 మార్చి 28న అది అమల్లోకి వచ్చింది. 21 పోయి 18 వచ్చింది. అదే ఏడాది నవంబరులో లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. 18 ఏళ్లవాళ్లు మొదటిసారి ఎంపీలను ఎన్నుకున్నారు.

తల్లీ కూతుళ్ల మాట

కూతురు: అమ్మా, నాకు జూన్‌ల పద్దెనిమిది నిండుతయి. ఓటు దానంతట అదే వస్తదా?

తల్లి: రాదు బిడ్డా. జాబితాల పేరుండాలె. ఫారం 6 నింపియ్యాలె.

కూతురు: జనవరి దాకా ఆగాలెనా?

తల్లి: మునుపు ఆగేటోళ్లు. 2022 నుంచి ఏడాదికి నాలుగు తేదీలు పెట్టిండ్రు. జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. నీకు జూలై 1 లెక్క. పదిహేడు నిండినంక ముందుగాల్నే దరఖాస్తు ఇయ్యొచ్చు.

కూతురు: పెండ్లయి వేరే ఊరు పోతే?

తల్లి: ఫారం 8 ఇస్తే పేరు ఆడికి మారుస్తరు. రెండు ఊళ్లల్ల పేరు ఉండొద్దు.

గుర్తు పెట్టుకోండి

ఈ ఫారాలకు పైసా కట్టనక్కర లేదు. నింపిన ఫారం మీ ఊరి బూత్ స్థాయి అధికారికి ఇవ్వండి. సందేహం ఉంటే 1950 నంబరుకు ఫోన్ చేయండి. జాబితాలో మీ పేరు, వయసు మీరే చదివి చూసుకోండి. తప్పుంటే ఫారం 8తో సరిచేయించుకోండి. ఓటు రహస్యం. ఎవరికి వేశారో భర్తకైనా, పెద్దమనిషికైనా చెప్పనక్కర లేదు.

చెప్పండి

1. ఓటు వయసు 18 ఏ సంవత్సరంలో అయింది?
2. 28 లక్షల మంది ఆడవాళ్ల ఓటు ఎందుకు పోయింది?
3. ఆగస్టులో 18 నిండే పిల్లకు ఏ తేదీ లెక్క?

రాయండి

మీ ఇంట్లో, మీ వాడలో 17, 18 ఏళ్ల ఆడపిల్లలు ఎవరు? వాళ్ల పేర్లు రాయండి. జాబితాలో ఎవరి పేరు లేదో చూడండి.