బొమ్మ తీరు వేరు, వయసు వేరు



'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అంటే ఒక్కొక్కరు వీరుడిగానో, మంత్రగాడిగానో మారి కథ నడిపే ఆట. దాని మీద 1983లో అమెరికా టీవీలో వచ్చిన కార్టూన్ పిల్లలదే. 2022 నాటి 'ద లెజెండ్ ఆఫ్ వాక్స్ మాకినా' కూడా అలాంటి ఆటలోంచే పుట్టింది. అందులో మనుషులు చేత్తో గీసినట్టుండే 2డీ బొమ్మలు, డ్రాగన్లేమో 3డీ. అన్ని పొలుసులూ ప్రతి ఫ్రేములో గీయాలంటే ఎవరి తరం! చూడ్డానికి ముచ్చటైన పిల్లల కార్టూన్‌లాగే ఉంటుంది. కానీ అది పెద్దల సిరీస్. రక్తపాతం, బూతులు బాగా ఎక్కువ.

కాబట్టి "కార్టూనే కదా" అని రిమోట్ ఇచ్చేయకండి. ముందు వయసు రేటింగ్ చూడండి. పిల్లల ప్రొఫైల్ వేరుగా పెట్టి, మీ ప్రొఫైల్‌కు పిన్ పెట్టుకోండి.