సాలిడ్ స్టేట్ డ్రైవు – మదర్‌బోర్డు: పొంతన

పాత కంప్యూటరు నెమ్మదించినంతనే దానిని మూలకు నెట్టి క్రొత్తది కొనవలెనని మనకు తోచును. కాని పెక్కు సందర్భములలో జాప్యమునకు కారణము హార్డ్‌డిస్కు. అది నిమిషమునకు 5400 లేక 7200 సార్లు తిరుగు పళ్ళెములపై సమాచారమును వెదకవలసి యుండును. సాలిడ్ స్టేట్ డ్రైవులో తిరుగు భాగములు లేవు; అందుచే అది వెదకుటలో కాలయాపన చేయదు. అయితే ఏ డ్రైవైనను ఏ మదర్‌బోర్డుకైనను సరిపడునా? సరిపడదు. కొనుటకు ముందు మనము మూడు విషయములను విచారింపవలెను.

మొదటిది ఆకారము. డ్రైవులు ముఖ్యముగా రెండు రూపములలో లభించును. ఒకటి రెండున్నర అంగుళముల పెట్టె. దీనిని సాటా కేబులుతో బోర్డుకు కలుపుదుము. రెండవది ఎం.2 అను పలుచని పట్టీ. ఇది బోర్డుపైని స్లాటులోనే అమరును. పట్టీపై 2280 అని యున్నచో వెడల్పు 22, పొడవు 80 మిల్లీమీటర్లని అర్థము. 2242 పట్టీకి మాత్రమే చోటున్న లాప్‌టాపులో అది పట్టదు.

రెండవది భాష. పొరపాట్లు ఎక్కువగా జరుగునది ఇచ్చటనే. ఎం.2 అనునది ఆకారమునకు పేరే గాని భాషకు కాదు. ఒకే ఆకారము గల పట్టీలలో కొన్ని సాటా పద్ధతిని, కొన్ని 2011లో వెలువడిన ఎన్‌వీఎంఈ పద్ధతిని అనుసరించును. ఉర్దూ మాత్రమే తెలిసిన వానిని, తెలుగు మాత్రమే తెలిసిన వానిని ఒకే బల్లపై కూర్చుండబెట్టినంత మాత్రాన సంభాషణ సాగదు గదా! అట్లే రెండు గాట్లు గల సాటా పట్టీ, ఎన్‌వీఎంఈకి మాత్రమే ఏర్పరచిన స్లాటులో చక్కగా దూరును. కాని కంప్యూటరు దానిని గుర్తింపదు. కొన్ని బోర్డులలో ఎం.2 స్లాటును వాడినచో ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయవు.

మూడవది ప్రారంభ వ్యవస్థ. పాత బయాస్ గల పెక్కు బోర్డులు ఎన్‌వీఎంఈ డ్రైవు నుండి విండోస్‌ను ప్రారంభింపలేవు. అడాప్టరు కార్డుతో కలిపినను అది సమాచారమును దాచుటకే ఉపకరించును.

వేగమును గూర్చి అంత బెంగ అవసరము లేదు. నాల్గవ తరము పీసీఐఈ డ్రైవు మూడవ తరము స్లాటులో పనిచేయును, వేగము మాత్రము తగ్గును. సెకనుకు 6 గిగాబిట్ల సాటా డ్రైవు 3 గిగాబిట్ల పాత పోర్టులోను నడచును. ఆ తగ్గిన వేగము సైతము హార్డ్‌డిస్కు కంటె మేలే.

కావున విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బోర్డు లేక లాప్‌టాపు మోడలు పేరు చూచుకొని, తయారీదారు మాన్యువలును చదివిన పిదపనే అంగడికి పోవుట యుక్తము. సాటా పోర్టు, దాని ప్రక్కన చోటు గల పాత యంత్రమునకు రెండున్నర అంగుళముల సాటా డ్రైవే నిరపాయమైన ఎంపిక.

క్రొత్త ఒక వింత, పాత ఒక రోత యందురు. కాని ప్రయోగశాలలలో మూలబడిన యంత్రములలో ఎన్నియో ఇట్టి చిన్న మార్పుతో మరల విద్యార్థులకు అక్కరకు రాగలవు. విద్యార్థి కూడబెట్టిన సొమ్మైనను, కళాశాల నిధియైనను, వ్యయమునకు ముందు ఈ విచారణ మన విధి.