బాత్‌రూమ్‌లో గీజర్: వాసన రాని ప్రమాదం

పోయిన డిసెంబర్లో మా రూమ్‌మేట్ ఒకడు స్నానానికెళ్లి అరగంటకి గోడ పట్టుకుని బయటికొచ్చాడు. తల దిమ్మెక్కిందన్నాడు, వాంతి చేసుకున్నాడు. నేరం రాత్రి తిన్న ఫ్రైడ్ రైస్ మీదకి నెట్టేశాం. వరండాలో కూర్చోబెడితే కాసేపటికి తేరుకున్నాడు. మర్నాడు ఇంకొకడికి అదే వరస. వాడు ఫ్రైడ్ రైస్ తినలేదు. అప్పుడు చూశాం గీజర్ వైపు.

అది గ్యాస్ గీజర్. ఓనర్ గారు బాత్‌రూమ్ లోపలే బిగించారు. చలిగాలి వస్తోందని వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టింది మాత్రం మేమే.

ఫస్టియర్ కెమిస్ట్రీ కాస్త గుర్తు చేసుకోండి. వంటగ్యాసంటే ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్. ఒక ప్రొపేన్ అణువు పూర్తిగా కాలాలంటే 5 ఆక్సిజన్ అణువులు కావాలి. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే కాబట్టి లీటరు ప్రొపేన్‌కి దాదాపు 24 లీటర్ల గాలి. ఇక మా గీజర్ లెక్క. నిమిషానికి 6 లీటర్ల నీళ్లని 25 డిగ్రీలు వేడెక్కించాలంటే సుమారు 630 కిలోజౌళ్లు. నష్టాలు కలిపితే 16 గ్రాముల గ్యాసు, దానికి 200 లీటర్ల గాలి. మా బాత్‌రూమ్ 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, అంటే 6,800 లీటర్లు. 20 నిమిషాలు నడిపితే గీజరొక్కదానికే 4,000 లీటర్ల గాలి కావాలి. అంతదూరం పోకముందే మంట సరిగా కాలడం మానేస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది.

"గ్యాసైతే వాసన వస్తుందిగా" అంటారు చాలామంది. ఆ వాసన లీకు తెలియడానికి కలిపే మెర్‌క్యాప్టన్‌ది. మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. ఇంకో మోసం కూడా ఉంది. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటర్ ఈ తేడా కనిపెట్టలేదు, 98 చూపిస్తూనే ఉంటుంది. దాన్ని నమ్మి పడుకోబెట్టొద్దు.

మరి గుర్తుపట్టేదెలా? నీలంగా ఉండాల్సిన మంట పసుపు పచ్చగా మారడం, బర్నర్ చుట్టూ మసి పట్టడం, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి జ్వరం లేకుండా తలనొప్పి, వికారం రావడం, బయటికెళ్తే తగ్గి లోపలికొస్తే మళ్లీ మొదలవడం. ఈ చివరిదే అసలు ఆధారం. తలుపులేసుకున్న గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నా కథ ఇదే.

ఎవరైనా పడిపోతే తలుపు తెరిచి, గ్యాసు కట్టి, మనిషిని బయటి గాలిలోకి లాగి 108కి ఫోన్ చేయాలి. మామూలు గాలిలో రక్తంలోని మోనాక్సైడ్ సగం తగ్గడానికే 4, 5 గంటలు పడుతుంది. ఆసుపత్రిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నర.

అట్టముక్క ఆరోజే పీకేశాం. ఓనర్ గారు మొదట "ఇన్నేళ్లలో ఎవరికీ ఏం కాలేదు బాబూ" అన్నారు. కాగితం మీద లెక్క చూపించాం. వారంలో గీజర్ బాల్కనీలోకి మారింది. ఆ వారమంతా బకెట్ నిండాక గీజర్ ఆపేసి, తలుపు తెరిచి కాసేపు గాలి ఆడనిచ్చి, అప్పుడే స్నానానికి వెళ్లాం.