పొడుగు బిల్లులో వరుసలు మాయం

ప్రశ్న: మాంట్రియల్‌లో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాం. లినక్స్ కంప్యూటర్‌కు సీరియల్ కేబుల్‌తో రసీదు ప్రింటర్ తగిలించాం. చిన్న రసీదులు బాగానే వస్తాయి. పొడుగు బిల్లులో సగం నుంచి వరుసలు ఎగిరిపోతాయి. ఫ్రెంచి అక్షరాలూ మారిపోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: చిన్న రసీదు సరిగ్గా వస్తోందంటే కంప్యూటర్‌లోనూ ప్రింటర్‌లోనూ పెట్టిన పోర్టు వేగం సరిపోయినట్టే. దాని జోలికి పోకండి. అయితే ప్రింటర్ కాగితం మీద కొట్టే వేగం కన్నా కంప్యూటర్ పంపే వేగం ఎక్కువ. ‘ఆగు’ అని ప్రింటర్ చెప్పే మాట కంప్యూటర్‌కు చేరకపోతే మిగతా వరుసలు పోతాయి. మీకు జరుగుతున్నది దాదాపు ఇదే.

ప్రింటర్ ఆపి, ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేయండి. చాలా మోడళ్లు తమ సెట్టింగులు తామే అచ్చు వేస్తాయి. అందులో హ్యాండ్‌షేక్ (‘ఆగు’ అని చెప్పే పద్ధతి) ఎదుట డీటీఆర్ ఉంటే, ఎస్‌టీటీవై కమాండ్‌తో సీఆర్‌టీఎస్‌సీటీఎస్ ఆన్ చేయండి. ఎక్స్ఆన్-ఎక్స్ఆఫ్ ఉంటే ఐఎక్స్ఆన్ పెట్టండి. మూడు తీగల కేబుల్‌తో మొదటి పద్ధతి పనిచేయదు, కేబులైనా మార్చాలి, ప్రింటర్‌నైనా రెండో పద్ధతికి తిప్పాలి. లినక్స్ ప్రింటింగ్ వ్యవస్థ కప్స్ ద్వారా అచ్చు వేస్తుంటే అదే విషయం ప్రింటర్ చిరునామాలోని ఫ్లో దగ్గర రాయాలి. లేకపోతే మీరు పెట్టింది చెరిగిపోవచ్చు.

ఫ్రెంచి అక్షరాల సంగతి వేరు. చాలా ప్రింటర్లలో కెనడా ఫ్రెంచికి 863 కోడ్‌పేజీ (అక్షరాల పట్టిక) ఉంటుంది. ప్రోగ్రాం పంపేదీ, ప్రింటర్ చదివేదీ ఒకే కోడ్‌పేజీ కావాలి.

ఇంత చేసినా వరుసలు పోతుంటే పోర్టో కేబులో పాడై ఉండవచ్చు, టెక్నీషియన్‌కు చూపించండి. రెస్టారెంట్ బిల్లులు పన్నుల శాఖ రెవెన్యూ క్యుబెక్‌లో నమోదు కావాలి గనుక, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం మీరు వేలు పెట్టకండి, అమ్మినవారినే పిలవండి.