పురుగులన్నీ కీటకాలేనా?



మన చందూర్, వర్ని, బోధన్ ప్రాంతంలో వరి, చెరకు చేలల్లో కనిపించే ప్రతి చిన్న ప్రాణినీ మనం 'పురుగు' అనే అంటాం. జంతుశాస్త్రం అలా ఒప్పుకోదు. ఈ తేడా పరీక్షలో మార్కుల కోసమే కాదు, మన ఇంటివాళ్ళ ఆరోగ్యం కోసం కూడా తెలుసుకోవాలి.

కీటకాల స్థానం

జంతు రాజ్యంలో అతి పెద్ద వర్గం ఆర్థ్రోపోడా. అంటే కీళ్ళున్న కాళ్ళు, ఒంటిపైన కైటిన్ కవచం ఉన్న జీవులు. అందులో ఒక విభాగం ఇన్సెక్టా, అంటే కీటకాలు. ఇప్పటికి పేరు పెట్టిన కీటక జాతులే సుమారు 10 లక్షలు. 1758లో లిన్నేయస్ సాలీళ్ళను, పీతలను కూడా కీటకాల్లోనే కలిపాడు. తరువాతి శాస్త్రవేత్తలు వాటిని విడదీశారు.

గుర్తుపట్టడం ఎలా?

కీటకానికి తల, ఉరం, ఉదరం అని మూడు భాగాలు, ఒక జత స్పర్శశృంగాలు, ఆరు కాళ్ళు ఉంటాయి. సాలీడు, తేలుకు ఎనిమిది కాళ్ళు, స్పర్శశృంగాలు ఉండవు. ఎండ్రికాయకు పది. జెర్రి, రోకలిబండకు ఇంకా ఎక్కువ. ఇవేవీ కీటకాలు కావు. గొంగళిపురుగును చూసి తికమక పడవద్దు. దాని అసలు కాళ్ళు ముందున్న ఆరే, వెనుకవి కండ ముద్దలు.

మన చేలల్లోని క్రమాలు

చెరకు మొవ్వును తొలిచే పీక పురుగు, వరి కాండం తొలిచే పురుగు లెపిడాప్టెరా, అంటే సీతాకోకచిలుకల క్రమం. ఆకు రసం పీల్చే పైరిల్లా హెమిప్టెరా. వేరుపురుగు పెంకుపురుగుల క్రమమైన కోలియోప్టెరా. పీక పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి మనకు మేలు చేసే ట్రైకోగ్రామా, చీమలు, తేనెటీగల క్రమమైన హైమెనోప్టెరాకు చెందుతుంది. అంటే శత్రువూ కీటకమే, మిత్రుడూ కీటకమే.

పేర్లు చేసే మోసం

సుడిదోమ దోమ కాదు. దోమకు రెండే రెక్కలు, అది డిప్టెరా. సుడిదోమ హెమిప్టెరా, మన మంచంలోని నల్లికి చుట్టం. వరిలో ఉల్లికోడు తెచ్చే ఈగ మాత్రం నిజంగా దోమల క్రమానిదే. ఇక వరి కంకి నల్లికి, మంచం నల్లికి పేరొక్కటే పొత్తు. మంచం నల్లి ఆరు కాళ్ళ కీటకం, కంకి నల్లి ఎనిమిది కాళ్ళతో సాలీడు వైపు జీవి.

అందుకే కీటకాలకు కొట్టే మందుల్లో చాలావాటికి కంకి నల్లి చావదు. దానికి మందు వేరు. సుడిదోమకు పైరిథ్రాయిడ్ మందు కొడితే దాన్ని తినే సాలీళ్ళు చచ్చి, సుడిదోమ ఇంకా పెరుగుతుంది.

మనలో చాలామంది అమ్మానాన్నలు వేరేవాళ్ళ చేలల్లో వీపున పంపు మోసి మందు కొట్టే కూలీలు. తప్పు మందైతే డబ్బు రైతుది పోతుంది, విషం పీల్చేది మనవాళ్ళు. మన ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మనమే కనుక ఈ మాట ఇంటికి చేర్చవలసిందీ మనమే.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఈ సెలవుల్లో చేనుకు వెళితే భూతద్దం ఒకటి జేబులో పెట్టుకోండి. మందు డబ్బా మూత తీయకముందే కాళ్ళు లెక్కపెట్టండి.