ఆపద రాకముందే ఇల్లు సర్దుకుందాం



“ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు” అని పెద్దలు అంటారు. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వారు దీన్ని కొంచెం మార్చి “వంక ఇంట్లోకి వచ్చాక సర్టిఫికెట్లు వెతికినట్లు” అని చెప్పుకోవాలి. “మనది కరువు సీమ, మనకు వరదలేమిటి” అనే ధీమా మనలో చాలామందికి ఉంది. కానీ మనకు అసలు వానలు పడేది అక్టోబరు నుండి డిసెంబరు దాకా వీచే ఈశాన్య రుతుపవనాల కాలంలో. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే ఏడాదంతా ఎండిన చెరువు రెండు రోజుల్లో మరవ పోతుంది.

2021 నవంబరులో జరిగింది అదే. తిరుపతి వీధులు కాలువలయ్యాయి. తిరుమల కొండదారుల్లో బండరాళ్ళు పడ్డాయి. స్వర్ణముఖి పొంగింది. నవంబరు 19వ తేదీన అప్పటి కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఆ తరువాత రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట నుండి నీరు కారడం మొదలైంది. కట్ట కింది ఊళ్ళవారిని ఖాళీ చేసి వెళ్ళమన్నారు. అదృష్టం కొద్దీ ఆ కట్ట నిలిచింది. కట్ట నిలిచిందా, తెగిందా అన్నది మన చేతిలో లేదు. “వెంటనే బయలుదేరండి” అని దండోరా వేసినప్పుడు ఏమి పట్టుకుని బయలుదేరాలి అన్నది మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

1. మన ఆస్తి ఏది?

హాస్టల్లో చదివే మన ఇళ్ళలో బంగారం, బీరువాలు తక్కువ. మన అసలు ఆస్తి కాగితాలే. పదో తరగతి మార్కుల జాబితా, టి.సి., స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, రేషను కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఉంటే పట్టాదారు పాసు పుస్తకం. మా కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటి తరం మేమే. మాకు సీటు ఇప్పించినవీ, స్కాలర్‌షిప్ ఇప్పించినవీ ఈ కాగితాలే. కౌన్సెలింగు రోజు ఒక్క కాగితం లేకపోతే ఆ సీటు వేరొకరికి పోతుంది. అందుకే ఇవి తడవడమంటే చదువు తడవడమే.

కానీ ఇవి ఇంట్లో ఎక్కడ ఉంటాయి? ఒకటి గోడకు వేలాడే సంచిలో, ఒకటి ట్రంకు పెట్టె అడుగున, ఒకటి బియ్యం డబ్బాలో, ఇంకొకటి అమ్మ చీరల మడతలో. అందరూ ఇంట్లో ఉన్నప్పుడే గంటసేపు వెతుకుతాం. అర్ధరాత్రి, కరెంటు లేనప్పుడు వెతకగలమా?

2. ఎర్ర సంచి పద్ధతి

మేము మా ఇంట్లో పాటిస్తున్న పద్ధతి ఇది. ఒక ఎర్ర సంచి తీసుకోవాలి. కాగితాలన్నీ ఒక్కొక్క రకం ఒక్కొక్క ప్లాస్టిక్ కవర్లో వేసి, మూతి మడిచి, ఆ సంచిలో పెట్టాలి. సంచి తలకంటే ఎత్తైన అటక మీద, తలుపుకు దగ్గరగా ఉండాలి. ఎరుపే ఎందుకంటే, మా అమ్మకు చదువు రాదు. “ఫైలు తీసుకురా” అంటే ఏ ఫైలో ఆమెకు తెలియదు, “ఎర్ర సంచి” అంటే చీకట్లో కూడా తెలుస్తుంది. ఇంట్లో చదువు రానివారికి కూడా పనికొచ్చేదే మంచి ఏర్పాటు.

అసలు సర్టిఫికెట్లకు లామినేషన్ చేయించే కన్నా కవర్లో ఉంచడం మేలు. తరువాత ఎప్పుడైనా వెనుక సీలు వేయవలసి వస్తే లామినేషన్ అడ్డం. రెండు సెట్ల జిరాక్సులు తీసి ఒకటి వేరే ఊళ్ళోని మేనమామ ఇంట్లోనో, పెద్దమ్మ ఇంట్లోనో ఉంచండి. 2015లో ప్రభుత్వం ప్రారంభించిన డిజిలాకర్‌లో మన పేరున జారీ అయిన పత్రాలు అసలుతో సమానంగా చెల్లుతాయి. మనం ఫోన్‌తో తీసిన ఫోటో మాత్రం నకలే, అయినా నంబర్లు తెలియడానికి పనికొస్తుంది.

కాగితాలు తడిస్తే కంగారుపడి విడదీయవద్దు, ఎండలో వేయవద్దు. నీరు ఓడ్చి, మధ్యలో తెల్లకాగితాలు పెట్టి, నీడలో గాలికి ఆరనివ్వాలి. పదో తరగతి సర్టిఫికెట్ పోతే, చదివిన బడి హెడ్మాస్టరు ద్వారా ప్రభుత్వ పరీక్షల డైరెక్టరు కార్యాలయానికి నకలు కోసం దరఖాస్తు చేయవచ్చు. హాల్ టికెట్ నంబరు, సంవత్సరం తెలిస్తే పని తేలిక. కనుక అవి ఈరోజే నోట్‌బుక్‌లో రాసుకోండి.

3. సంచి పక్కన మరొక సంచి

రెండో సంచిలో టార్చిలైటు, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, ఒక జత బట్టలు, దుప్పటి, అవ్వాతాతల బి.పి., షుగరు మాత్రలు, కొంత చిల్లర డబ్బు, ఆడపిల్లలకు కావలసినవి ఉండాలి. తిండికి బొరుగులు, వేయించిన చెనిక్కాయలు, బెల్లం చాలు. ఇవి వండనక్కరలేదు. వాయుగుండం వార్త వినగానే బిందెలలో మంచినీళ్ళు పట్టి మూత పెట్టాలి, ఫోన్లు ఛార్జింగు పెట్టాలి. వరద తరువాత నీళ్ళు మరగకాచి తాగాలి. విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాపుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

4. ఎవరి పని ఏది?

అందరి పనీ అయితే అది ఎవరి పనీ కాదు. నాయన మెయిన్ స్విచ్ ఆపి, పశువుల తలుగులు విప్పాలి. అమ్మ గ్యాసు కట్టేయాలి. పెద్దబిడ్డ ఎర్ర సంచి, చిన్నవాడు రెండో సంచి తీసుకోవాలి. అవ్వ చెయ్యి ఎవరు పట్టుకోవాలో కూడా ముందే అనుకోవాలి. విడిపోతే ఎక్కడ కలవాలి? మెరక మీద ఉన్న బడి దగ్గర అని తీర్మానించుకోండి. హాస్టల్లో ఉన్న మనం వాన వార్త విని ఇంటికి పరుగెత్తకూడదు. వార్డెన్ గారి నంబరు ఇంటి గోడ మీద పెద్ద అంకెలతో రాసి రండి, అమ్మానాన్నల నంబరు కంఠస్థం చేయండి. ఫోన్ తడిస్తే అందులోని నంబర్లు పనికిరావు.

5. చేయకూడనివి

పారే నీటిలో దిగవద్దు. జానెడు లోతు నీరు కూడా వేగంగా పారితే మనిషిని పడదోస్తుంది, మోకాలి లోతు నీరు కారునే తేలుస్తుంది. 2021 అక్టోబరులో తిరుపతి వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద వాననీటిలో వాహనం చిక్కుకుని, కర్ణాటక నుండి దర్శనానికి వచ్చిన కొత్త పెళ్ళికూతురు ప్రాణం పోయింది.

నేల నానినప్పుడు సంపు ఖాళీ చేయవద్దు. 2021 వరదల తరువాత తిరుపతి శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంటి సంపును కడుగుతుండగా సిమెంటు రింగులు నేలలోంచి పైకి లేచాయి. అందరూ వింత అనుకున్నారు. ఖాళీ తొట్టి చుట్టూ భూమిలో నీరు నిండితే అది పడవలా తేలుతుంది. ఇది మనం తొమ్మిదో తరగతిలో చదివిన ఆర్కిమెడిస్ సూత్రమే.

నీళ్ళు తీసిన ఇంట్లోకి పాములు వస్తాయి. కరిస్తే గట్టిగా కట్టు కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. కరిచిన చోటు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, రుయా ఆసుపత్రికో, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో చేర్చాలి. మంత్రం పేరుతో పోయే ప్రతి నిమిషమూ ప్రాణం మీదికి తెస్తుంది. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తెరిచి, రెగ్యులేటర్ ఆపి, బయటికి వచ్చి 1906కు చెప్పాలి. ఏ ఆపదకైనా 112 ఉంది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! వీటిలో ఖర్చయ్యేది ఒక సంచి, కొన్ని కవర్లు మాత్రమే. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్క పూట కేటాయించండి. “ఈడొచ్చి మాకు నేర్పిస్తాడా” అని నాయన నవ్వవచ్చు, నవ్వనివ్వండి. మన చదువు మొదట పనికిరావలసింది మన ఇంటికే. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు తమ ఊళ్ళో పది ఇళ్ళకైనా ఈ సంగతులు చెప్పాలని, హాస్టల్లో ట్రంకు పెట్టెలు నేల మీద కాకుండా ఇటుకల మీద ఉండేలా అందరూ చూడాలని మా మనవి.